పేరు కనబడే చోటు

కొంగలంక చర్చిలో ఫ్యాను జోరుగా తిరిగితే చిట్టిబాబు గారికి గిట్టదు. ఫ్యాను ఇచ్చింది ఆయనే. మూడు రెక్కల మీదా ఎర్రరంగుతో పేరు రాయించిందీ ఆయనే. తీరా అది తిరిగితే పేరు ఎవరికీ కనబడదు, ఆపితే జనానికి చెమటలు. మధ్యేమార్గంగా ఆయన కూర్చునే వైపు ఫ్యాను మాత్రం మే నెలలో కూడా ఒకటో నంబరు మీదే తిరుగుతుంది. దాని కింద కూర్చున్నవాళ్ళు ప్రసంగం జరిగినంతసేపూ పాటల పుస్తకంతో విసురుకుంటూ, ఇచ్చినవారి పేరు మాత్రం తీరిగ్గా చదువుకుంటారు.

ఫ్యాన్లతో ఆగితే ఫర్వాలేదు. ట్యూబులైట్లు, గోడగడియారం, మైకు స్టాండు, మంచినీళ్ళ డ్రమ్ము, వంటసాలలో పెద్ద గుండిగ, దాని మూత, అన్నిటి మీదా పేరే. మూత మీద ఉందిగా, గుండిగ మీద కూడా ఎందుకండీ అని ఎవరైనా అడిగితే, "మరి మూత తీసినప్పుడో?" అంటారాయన. చెప్పులు విడిచే చోట సిమెంటు చప్టా పోయించమని పాస్టరు ఎడ్విన్ గారు అడిగినప్పుడు మాత్రం రెండు చేతులూ జోడించేశారు. అక్కడ పేరు వేయిస్తే జనం కాళ్ళు పెడతారు, వేయించకపోతే ఇచ్చినట్టే ఉండదు.

పోయిన జూలైలో ఆయన భార్య గ్రేసు కాలం చేశాక ఈ ముచ్చట మరీ ముదిరింది. అంతకుముందు 'చిట్టిబాబు, గ్రేసు దంపతులు' అని మూడు ముక్కల్లో తేలిపోయేది. ఇప్పుడు 'ప్రభువునందు నిద్రించిన శ్రీమతి గ్రేసమ్మ గారి జ్ఞాపకార్థం, భర్త చిట్టిబాబు, కొంగలంక' అని రాయాలి. ఇంత పొడుగు మాట పట్టే వస్తువులు ఊళ్ళో దొరకడం కష్టమైపోయింది. గోడగడియారం మీద అది పన్నెండు దగ్గర మొదలై గుండ్రంగా తిరిగి మళ్ళీ పన్నెండు దగ్గరే ముగుస్తుంది. టైము చూద్దామని తలెత్తినవాళ్ళు ముందు గ్రేసమ్మ గారిని తలచుకుని, ఆ తర్వాతే టైము చూడాలి.

ఇవన్నీ చూసి మణెమ్మ లోలోపల నవ్వుకునేది. చర్చి వంటసాలలో ముప్ఫై ఏళ్ళుగా గరిటె ఆవిడదే. ప్రేమవిందుకి మూడొందల మందికి పప్పుచారు కాయాలంటే కొంగలంకలో ఇంకొకరి పేరు తోచదు. చిట్టిబాబు గారిని ఆవిడ అన్నయ్యగారంటుంది, ఆయన చెల్లెమ్మా అంటారు. ఆ లెక్కన గ్రేసు ఆవిడకి వదిన. లెక్క అలా ఉంచితే, వంటసాలలో ఇద్దరూ ఒక జోడు.

అలాంటి మణెమ్మకి, వంటసాలకి గ్యాసు సెన్సరు వస్తోందని తెలిసిన రోజున మాత్రం నవ్వు రాలేదు. దానికి కారణం ఈస్టరు నాటి సంగతి.

ఆ రోజు రెండో పొయ్యి మీట సగం తిరిగి ఉండిపోయింది. మంట లేదు, గ్యాసు వస్తోంది. మణెమ్మ దాని పక్కనే నిలబడి పావుగంటసేపు ఉల్లిపాయలు తరిగింది. వాకిట్లో ఆడుకునే పిల్లలు గుమ్మం దాటి లోపలికీ బయటికీ పరుగులు తీస్తున్నారు. వంటలో సాయానికి నీళ్ళ బిందెతో వచ్చిన కనకమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "అమ్మో, గ్యాసు వాసనండీ!" అని బిందె దించేసి, మీట కట్టేసి, తలుపులన్నీ బార్లా తీసింది. తర్వాత వింతగా చూసింది. "పక్కనే ఉన్నారు కదక్కా, మీకు రాలేదా?"

"జలుబే," అంది మణెమ్మ.

ఆ జలుబుకి అప్పటికి నాలుగేళ్ళు.

రెండోసారి కరోనా ఊరంతా తిరిగినప్పుడు మణెమ్మకి పది రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. తోటివాళ్ళకి నెలకో, రెణ్ణెల్లకో తిరిగొచ్చింది. ఆవిడకి రాలేదు. కొత్తావకాయ జాడీలో తల పెట్టి చూసింది, ఎండుచేపల బుట్ట ముక్కుకి ఆనించుకుని చూసింది. మంచినీళ్ళ వాసన ఎలా ఉంటుందో ఎండుచేపలదీ అలాగే ఉంది. వాసన తెలియని మనిషికి మూడొందల మంది వంట ఎవరు అప్పజెబుతారు? పందిట్లో ముందు వరసలో కుర్చీ వేసి, 'పెద్దవారు, మీరు కూర్చోండి' అంటారు. ఆ మర్యాదకి భయపడే మణెమ్మ ఎవరికీ చెప్పలేదు.

సంగతి పట్టేసింది గ్రేసు ఒక్కతే. మొదటి విందులోనే మణెమ్మ తాలింపు దాదాపు మాడ్చేయబోతుంటే, మాట్లాడకుండా వచ్చి సిలిండర్ల పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఒళ్ళో వెల్లుల్లి చేట పెట్టుకుంది. తాలింపు వేగగానే మణెమ్మ చీర చెంగు ఒకసారి లాగేది. అడుగంటుతుంటే రెండుసార్లు. పొయ్యి సరిగా కట్టకపోతే చెంగు చిరిగేలా లాగేది. మూడేళ్ళపాటు కొంగలంక తిన్న పప్పుచారు గ్రేసు ముక్కుతో, మణెమ్మ చేత్తో తయారైంది. పొగడ్త మాత్రం మొత్తం చేతికే వచ్చింది. "మణెమ్మ చేతి మహిమండీ," అనేవారు జనం. పీట మీద కూర్చున్న మనిషిని చూసి, "పాపం, గ్రేసమ్మకి వెల్లుల్లి ఒలవడం తప్ప ఏమీ రాదు," అనేవారు. గ్రేసు నవ్వి ఇంకో రెబ్బ ఒలిచేది. మణెమ్మ నవ్వలేకపోయేది. అలాగని నిజమూ చెప్పలేకపోయింది.

గ్రేసు పోయాక మణెమ్మ చెవితో వండడం నేర్చుకుంది. ఆవాలు చిటపటలాడడం ఆగితే ఒక లెక్క, వెల్లుల్లి వేసినప్పటి రొద సన్నగిల్లితే ఇంకో లెక్క. వంట నెట్టుకొస్తోంది. గ్యాసు మాత్రం చెవికి దొరకదు, కంటికి కనబడదు. ఈస్టరు తర్వాత ఎన్నో రాత్రులు, గుమ్మం దాటి పరుగెత్తే ఆ పిల్లలే ఆవిడ కళ్ళ ముందు మెదిలారు.

కనకమ్మ చెప్పిన మాట పాస్టరు గారి దాకా వెళ్ళింది. ఆయన ఆదివారం ప్రకటనల్లో వంటసాలకి గ్యాసు సెన్సరు ఒకటి అవసరమన్నారు. మాట పూర్తి కాకముందే చిట్టిబాబు గారు లేచి నిలబడ్డారు. జూలైలో గ్రేసు జ్ఞాపకార్థ కూడిక ఉంది, విందు కూడా ఆ వంటసాలలోనే. గ్రేసు ఎప్పుడూ అక్కడే ఉండేది. ఇంతకంటే తగిన వస్తువు ఏముంటుంది?

మర్నాడే ఏలూరు వెళ్ళారు. కొట్లో కుర్రాడు అయిదారు రకాలు బల్ల మీద పెట్టి, "ఏ గ్యాసుకండీ?" అని అడిగాడట. చిట్టిబాబు గారు ఆ ప్రశ్న పట్టించుకోలేదు. జేబులోంచి దారం తీసి ఒక్కోదాని ముఖం వెడల్పు కొలిచారు. అన్నిటికంటే వెడల్పున్నది కట్టించుకుని వచ్చేశారు. అంత పొడుగు వాక్యం రెండు వరసల్లో హాయిగా పట్టింది. వంటసాల గుమ్మానికి ఎదురుగా, లోపలికి వచ్చిన ప్రతివాడి కంటా పడేలా, దూలానికి కాస్త కింద బిగించారు. రిబ్బను కట్టారు, ప్రార్థన చేశారు, రిబ్బను కత్తిరించారు. పెట్టె మీద చిన్న పచ్చలైటు వెలిగింది. మణెమ్మ దాన్ని చూసి ఏడాది తర్వాత మొదటిసారి గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి పదమూడు రోజులు నిలిచింది. తర్వాత మణెమ్మ మనవరాలు జాయ్సీ వచ్చింది.

జాయ్సీ తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. కొలిచే పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూడడం ఆ పిల్ల పని. ఆదివారం ఆరాధన అయ్యాక వంటసాలలోకి తొంగిచూసి, తల పైకెత్తి పెట్టె మీద ఉన్నదంతా చదివింది. ఎర్రరంగు కప్పేయగా మిగిలిన కంపెనీవాళ్ళ చిన్న అక్షరాలు కూడా చదివింది. పక్కనే గర్వంగా నిలబడ్డ చిట్టిబాబు గారితో మెల్లగా అంది.

"తాతగారండీ, ఇది కార్బన్ మోనాక్సైడుకి మోగేదండీ. బొగ్గుల పొగ, జనరేటరు పొగ మూసిన గదిలో కమ్ముకుంటే వస్తుంది చూడండి, ఆ విషవాయువుకి."

"అదీ గ్యాసే కదమ్మా?"

"గ్యాసేనండీ. మన సిలిండర్లో గ్యాసు కాదండీ. సిలిండరు మొత్తం ఖాళీ అయినా ఇది నోరు మెదపదండీ."

చిట్టిబాబు గారి ముఖం వాడిపోయింది. జాయ్సీ కంగారుపడి, "మీరు చేపకి తగ్గ వల వేస్తారు కదండీ, ఇదీ అంతేనండీ. ముందు ఏ చేప కావాలో అనుకుని, తర్వాత వల చూడాలి," అంది. చేపల చెరువుల మీదే బతికిన ఆయనకి చేపల మాట వచ్చేసరికి విషయం ఇట్టే బోధపడింది. "అంటే పెద్ద బొచ్చెల చెరువులో చిన్న మెత్తళ్ళ వలేసుకుని కూర్చున్నామన్నమాట," అన్నారు.

మణెమ్మ వెళ్ళి పొయ్యిల మీటలన్నీ మరోసారి చూసుకుంది. పదమూడు రోజులు ఆ పచ్చలైటు కేసి చూస్తూ తను ఎంత నిశ్చింతగా పొయ్యి వెలిగించిందో తలచుకుంది.

నేను తెస్తానని జాయ్సీ అంటున్నా వినకుండా చిట్టిబాబు గారు మళ్ళీ ఏలూరు బయల్దేరారు. ఈసారి పట్టుదలగా "సిలిండరు గ్యాసుది" అని అడిగారు. ఉన్నవాటిలో గట్టిగా మోగేది తెచ్చారు. మోగడంలో దానికి వంక పెట్టడానికి లేదు. నేల తుడవడానికి ఫినాయిలు పోస్తే మోగింది. చేపలు వేయిస్తే మోగింది. కనకమ్మ కూతురు సెంటు కొట్టుకుని వస్తే మోగింది. వీటన్నిటినీ జనం ఓర్చుకున్నారు. బుధవారం పెద్దల సమావేశానికి టీ పెడుతుంటే చిట్టిబాబు గారు వంటసాలలోకి వచ్చారు. సెన్సరు ఊరు లేచిపోయేలా మోగింది. ఆయన బయటికి వెళ్ళారు, ఆగింది. లోపలికి వచ్చారు, మోగింది.

పెద్దలందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిట్టిబాబు గారు సంఘ పెద్ద, మద్యపానం మీద ఏటా ఒక ఉపన్యాసం ఇచ్చే మనిషి. పాస్టరు గారు గొంతు సవరించుకుని, "ఏవండీ, ఆరోగ్యం అదీ బాగానే ఉంటోందా?" అని అడిగారు.

"ఛఛ! మోకాళ్ళ నొప్పి మందండీ!" అని చిట్టిబాబు గారు అక్కడే పంచె పైకెత్తి మోకాళ్ళు చూపించారు. సీసా కూడా తెప్పించి పాస్టరు గారి చేతికిచ్చారు. అందులో స్పిరిటు కలుస్తుందని సీసా మీదే రాసి ఉంది. ఆయన పరువు దక్కింది. సెన్సరు పరువు పోయింది. రోజుకి నాలుగుసార్లు ఊరికే మోగేదాన్ని ఎవరు పట్టించుకుంటారు? వారం తిరక్కుండా కనకమ్మ దాని నోట్లో గుడ్డలు కుక్కింది.

అప్పుడు చిట్టిబాబు గారే ఫోను చేశారు. "అమ్మా జాయ్సీ, నువ్వే చూసి పెట్టమ్మా. వెడల్పు సంగతి నేను మళ్ళీ ఎత్తను."

జాయ్సీ కొట్టుకి వెళ్ళలేదు. ముందు శనివారం వంటసాలకి వచ్చి, చిన్న పుస్తకం పట్టుకుని మణెమ్మ వెంట తిరిగింది. సిలిండర్లు ఎక్కడుంటాయి, కిటికీలు ఎప్పుడు మూస్తారు, అన్నం వార్చినప్పుడు ఆవిరి ఎటు పోతుంది, పాటలు మైకులో మోగుతుంటే లోపలి మోత బయటికి వినబడుతుందా, ఇలా అన్నీ అడిగింది. ఏటా ముసురు పట్టినప్పుడు కొల్లేటి చెమ్మ గోడల్లోకి ఎంతవరకు ఎక్కుతుందో కూడా అడిగింది. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరని కనకమ్మ విసుక్కుంది.

జూలై మొదటి శనివారం కొత్త సెన్సరు వచ్చింది. అరచేయంత ఉంది. దాని మీద పేరు ఎలా రాయించారో గాని, చిట్టిబాబు గారు అప్పటికే రాయించేశారు. ఈసారి 'గ్రేసమ్మ' ఒక్కటే పట్టింది. పాస్టరు గారు, చిట్టిబాబు గారు, కనకమ్మ, మణెమ్మ చుట్టూ నిలబడ్డారు. జాయ్సీ లైటరు ఒకటి తీసి, వెలిగించకుండా గ్యాసు మాత్రం దాని ముందు వదిలింది. అది మోగింది. చిట్టిబాబు గారి మోకాలి మందు సీసా మూత తీసి దగ్గర పెట్టింది. అది కిక్కురుమనలేదు. చిట్టిబాబు గారు పాస్టరు గారి వంక కాస్త చురుగ్గా చూశారు.

"దీనికి అయిదేళ్ళండీ," అంది జాయ్సీ. "తర్వాత మార్చేయాలి. పైకి లైటు వెలుగుతూనే ఉంటుందండీ, లోపల మాత్రం వాసన పట్టడం మానేసి ఉంటుంది. చూసినవాళ్ళకి తెలియదు. అందుకే నెలకోసారి ఇలా పరీక్ష పెట్టాలి."

మణెమ్మకి పొలమారింది. కనకమ్మ వీపు మీద తట్టింది.

"ఇక బిగించేద్దాం," అన్నారు చిట్టిబాబు గారు దూలం కేసి చూస్తూ.

"పైన కాదండీ. కిందండీ." జాయ్సీ వంగి, సిలిండర్ల పక్క గోడకి నేల నుంచి జానెడు ఎత్తులో చెయ్యి ఆనించింది. "సిలిండరు గ్యాసు గాలికంటే బరువండీ. వరదనీళ్ళు ఇంట్లోకి వస్తే ముందు పల్లం వెతుక్కుంటాయి కదండీ, ఇదీ అలాగే నేల మీద పాకుతుంది. దూలం దాకా ఎక్కేసరికి మనం ఉండమండీ."

చిట్టిబాబు గారు ఆ చోటు కేసి చూశారు. మడ్డి నీళ్ళు పారిన మరకలు, ఉల్లిపొట్టు, కనకమ్మ చెప్పులు.

"అక్కడా? గ్రేసు పేరు కాళ్ళ దగ్గరా? వద్దమ్మా."

"సెన్సరు కింద పెట్టి, పేరు పైన బోర్డు మీద రాయిద్దామండీ," అన్నారు పాస్టరు గారు.

"బోర్డెందుకండీ? గ్రేసు పనిచేసే మనిషండీ, బోర్డు కాదు. పనిచేసేదాని మీదే పేరుండాలి." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరంతా నన్ను చూసి నవ్వుకుంటారని తెలుసండీ. గడియారం మీద పేరేంటి, మూత మీద పేరేంటి అని. ముప్ఫై ఏళ్ళు ఈ వంటసాలలో ఉంది నా భార్య. విందు అయ్యాక ఒక్కరంటే ఒక్కరు దాని పేరు ఎత్తగా నేను వినలేదు. వెల్లుల్లి ఒలుస్తుంది అన్నారంతే. పేరు నేను రాయించకపోతే ఇంకెవరు తలుస్తారండీ?"

చివరికి పాస్టరు గారు మెత్తబడ్డారు. మెత్తని మనసున్నవారితో ఇదే తంటా. "పోనీ పైనే ఉంచుదాంలెండి, జాయ్సీ. అది మోగినా మోగకపోయినా, మణెమ్మ గారి ముక్కుండగా మనకేం భయం?"

అందరూ తలలూపారు. మణెమ్మ చేతిలో గరిటె ఉంది. ముప్ఫై ఏళ్ళుగా అరగని గరిటె. దాని వంక ఒకసారి చూసుకుంది. గుమ్మంలో పిల్లలు ఇద్దరు ఒకరినొకరు తరుముకుంటూ లోపలికి వచ్చి, పెద్దవాళ్ళని చూసి, మళ్ళీ పరుగెత్తారు.

"నాకు ముక్కు లేదండీ," అంది మణెమ్మ.

కనకమ్మ ఆవిడ ముఖం మధ్యకి చూసింది.

"ఉంది గానీ, పనిచేయదు. నాలుగేళ్ళయింది. ఈస్టరు నాడు జలుబూ లేదు, ఏమీ లేదు. కనకమ్మ రాకపోతే ఏమయ్యేదో." మాట మొదలయ్యాక ఆగడం ఆవిడ వల్ల కాలేదు. "మొదటి మూడేళ్ళూ మీరు తిన్నది నా వంట కాదండీ. గ్రేసు వదిన చెంగు లాగితే నేను మంట తగ్గించాను, చెంగు లాగితే తాలింపు దించాను. నా ముక్కు ఆవిడే. మీరు నన్ను పొగుడుతుంటే ఆవిడ నవ్వుతూ కూర్చుంది. నేను నోరు విప్పలేదు. గరిటె పోతుందని భయమండీ నాకు. అంతే, ఇంకేం లేదు."

కనకమ్మకి మాత్రం లెక్క ఒకటి తెగలేదు. "అయితే అక్కా, పోయిన క్రిస్మసుకి నా గోంగూర వాసన చూసి అమోఘం అన్నారే?"

"నీ మనసు కష్టపెట్టడం ఎందుకని," అంది మణెమ్మ.

జాయ్సీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిట్టిబాబు గారు నవ్వలేదు. ఆయన రెండడుగులు ముందుకొచ్చి, "ఎక్కడ కూర్చునేది చెల్లెమ్మా?" అని అడిగారు. భార్య ఉన్నన్నాళ్ళూ వంటసాల లోపలికి వచ్చి చూసిన మగవాడు కాదాయన.

మణెమ్మ బియ్యం డబ్బా వెనకనుంచి పీట తీసింది. గ్రేసు పోయాక దాన్ని ఎవరికీ వేయలేదు. సిలిండర్ల పక్కన, జాయ్సీ చెయ్యి ఆనించిన గోడ దగ్గరే వేసింది. "ఇక్కడేనండీ. పని ఇక్కడే చేసింది. దూలం మీద కాదు."

చిట్టిబాబు గారు ఒక చేత్తో సిలిండరు పట్టుకుని, రెండో చేత్తో పాస్టరు గారి భుజం పట్టుకుని, మోకాళ్ళు కటకటమంటుంటే ఆ పీట మీద కూలబడ్డారు. జాయ్సీ సెన్సరుని గోడకి ఆనించి చూపించింది. పీట మీద కూర్చున్న మనిషికి, తల కాస్త వంచితే, ఎర్రరంగు అక్షరాలు తేటగా కనబడ్డాయి. ఆయన చాలాసేపు చదివారు. ఉన్నది ఒక్క మాటే.

"ఇక్కణ్ణుంచి బాగానే కనబడుతోందమ్మా," అన్నారు. "బిగించెయ్."

సాయంత్రానికల్లా సంగతి కొంగలంకలో ప్రతి గడపా తొక్కింది. తనకి కుర్చీ వేస్తారేమోనని మణెమ్మ రెండు రోజులు గడప దాటలేదు. ఎవరూ వేయలేదు. అయితే కొత్త చిక్కు ఒకటి వచ్చింది. సెన్సరు గ్యాసుకి మోగుతుంది, తాలింపుకి మోగదు. మోగకూడదనే కదా జాయ్సీ అంత వెతికి తెచ్చింది. మరి తాలింపుకి ముక్కెవరు? కనకమ్మ సిద్ధంగానే ఉంది. అంతలో చిట్టిబాబు గారు ఒళ్ళో వెల్లుల్లి చేటతో పీట మీద తయారయ్యారు.

జ్ఞాపకార్థ కూడిక నాడు మూడొందల మంది. పప్పుచారు గుండిగలో మరుగుతోంది. మణెమ్మ పెద్ద బాణలిలో నూనె పోసి, ఆవాలు, ఎండుమిరపకాయలు, చివర వెల్లుల్లి వేసింది. మొదట రొద హోరుమంది, తర్వాత సన్నబడింది. దించే సమయమని ఆవిడ చెవి చెప్పింది. ఆవిడ దించలేదు. పీట మీద మనిషి చెప్పేదాకా ఆగాలనుకుంది. ఆయన గోడ మీది పేరు చదువుకుంటున్నారు.

"అన్నయ్యగారూ?"

"ఆఁ! అయ్యో, వేగిందమ్మా, వేగింది! దించెయ్!"

అప్పటికి వెల్లుల్లి నల్లబడింది. ఇంకోసారి తాలింపు వేయడానికి టైము లేదు. పందిట్లో విస్తరాకులు వేసేశారు. మణెమ్మ కళ్ళు మూసుకుని బాణలి గుండిగలోకి వంచింది.

మూడో వరసలో ఎవరో రెండు ముద్దలు తిని, "చారులో వెల్లుల్లి మాడినట్టుందే," అన్నారు.

"మాడదండీ మరి? గ్రేసమ్మ గారు లేరు కదా," అన్నారు పక్కవారు. ఆ మాట ఎదుటి వరసకి పాకింది. "గ్రేసమ్మ ఉంటేనా, ఇలా కానిచ్చేదా?" "ఆవిడ ముక్కు ఆవిడదేనండీ." పందిరి ఈ చివర నుంచి ఆ చివరికి, మాడిన చారు తింటూ, కొంగలంక మొత్తం గ్రేసమ్మ పేరే తలచుకుంది. బోర్డు మీద చదివి కాదు.

ముప్ఫై ఏళ్ళలో మణెమ్మ పప్పుచారుకి వంక పెట్టడం అదే మొదటిసారి. ఆవిడ బకెట్టు పట్టుకుని వరసలో నడుస్తూ ఆ మాటలన్నీ సంతోషంగా వింది. వరస చివర చిట్టిబాబు గారు ఆకు ముందు కూర్చుని, తినకుండా, చెవులు రిక్కించి వింటున్నారు. కళ్ళు తుడుచుకుని ఆకులో అన్నం గుంట చేశారు.

"కాస్త చారు పొయ్యి చెల్లెమ్మా."

పోసింది.

"ఇంకాస్త," అన్నారాయన.